తొమ్మిదో ప్రశ్న దగ్గర నాతోపాటు ఆగిన అమ్మాయికి

ఇంకా సరిగ్గా కూర్చోలేకపోతున్నా. పడుకునే టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

నడుము నొప్పి మొదలై రెండేళ్లు దాటింది. పోయిన వారం ఫిజియోథెరపీకి వెళితే కొత్తగా చేరిన అమ్మాయి రెండు కాగితాలు ఇచ్చింది. ఎంతసేపు నిలబడగలరు, ఎంత బరువు ఎత్తగలరు అని అడిగే ఓస్వెస్ట్రీ నాకు అలవాటే. రెండోది ఎప్పుడూ చూడలేదు. పీహెచ్‌క్యూ-9 అట. గత రెండు వారాల్లో దిగులు, నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయని తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3. నడుము కోసం వచ్చినదాన్ని, నాకు దిగులేంటని చకచకా సున్నాలు చుట్టేశా.

తొమ్మిదోది, చచ్చిపోతే బాగుండు అనిపించిందా అని. చెయ్యి ఆగిపోయింది.

ఆ అమ్మాయి కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. "తొందరేం లేదక్కా. ఎంత వేసినా మీ నొప్పి అబద్ధమని ఎవరూ అనరు" అంది.

రెండేళ్లుగా నా భయం అదే. అంతా మనసులోనే ఉందని తేల్చేస్తారేమోనని. ఇక ఆగలేదు. వెక్కిళ్లకు నడుము పట్టేస్తుంటే దిండు తెచ్చి వెనక పెట్టి, "ఏడవండి, కానీ ఆనుకుని ఏడవండి" అంది. ఏడుస్తూనే నవ్వొచ్చింది.

తర్వాత కొత్త కాగితం ఇచ్చింది. ఈసారి నిజం రాశా. 27కి 17. "ఇది జబ్బు పేరు కాదక్కా. నిద్ర, నీరసం నొప్పి వల్ల కూడా ఉండొచ్చు. కానీ 10 వచ్చినా, దాటినా డాక్టరు కూర్చుని మాట్లాడాలి. మీరు తొమ్మిదోదానికి 1 వేశారు కాబట్టి ఇవాళే" అని సైకియాట్రీ దాకా తనే తీసుకెళ్లింది. డాక్టరు డ్యులోక్సెటిన్ రాశారు, నడుము నొప్పికీ దిగులుకీ రెండింటికీ వాడతారట.

రెండేళ్లలో మూడు ఎమ్మారైలు తీశారు. ఐదు నిమిషాల కాగితం ఒక్కరూ ఇవ్వలేదు. "టెన్షన్ తగ్గించుకోండి" అన్నవాళ్లు మాత్రం చాలామంది. ఏ కౌంటర్‌లో తగ్గిస్తారో చెప్పలేదు. ఇప్పుడు కూడా ఎముకల డాక్టరు ఫైలు వేరు, మనసు డాక్టరు ఫైలు వేరు. మధ్యలో మోసేది నడుము నొప్పి ఉన్న నేనే.

మా ఆయన, అమ్మ, పిల్లలు... మీకు వేరే చెప్పాలా.

అయ్యో, వీల్‌చైర్ తోసిన అన్నకి, మాత్రల అట్ట మీద పెద్దక్షరాలతో "ఉదయం" అని రాసిచ్చిన మందుల షాపు ఆయనకి, నా పని కూడా చేసిపెట్టిన ఆఫీసు వాళ్లకి థాంక్స్. క్యూలో ముందుకు పంపిన పెద్దాయనకి కూడా.

అమ్మాయీ, నీ పేరైనా అడగలేదు. నీ దిండు పొరపాటున నాతోనే వచ్చేసింది. మంగళవారం తెస్తా.