వానకు సున్నాలు చుట్టిన క్యాలెండర్

సంపాదకుల వారికి నమస్కారం.

'జిల్లాలో సాధారణ వర్షపాతం' అని మీ పేపర్లో చదివి మా ఇంటి క్యాలెండర్ తీసి చూసుకున్నాను. వాన పడిన తేదీకి సున్నా చుట్టడం నాకు పెళ్ళైనప్పటి నుంచీ అలవాటు.

ఐదెకరాల్లో చెనక్కాయ (వేరుశనగ) వేశాం. జూలైలో, పునర్వసు కార్తెలో మంచి పదునైంది, గొర్రు తోలించి విత్తాం. మొలక, పూత రెండూ బాగానే వచ్చాయి. ఆ తర్వాత 36 రోజులు ఒక్క సున్నా లేదు. రెండుసార్లు తుంపర పడింది గానీ దానికి దుమ్ము కూడా అణగలేదు. (వాతావరణ శాఖ వాళ్ళు కూడా 2.5 మిల్లీమీటర్లు పడితేనే వాన రోజు అంటారట.)

చెనక్కాయ పూసేది పైన, కాసేది మట్టిలో. పువ్వు వాడినాక ఊడ కిందికి దిగి నేలలో గుచ్చుకోవాలి. మఘ కార్తెలో సాలు పక్కన కూర్చుని చూశాను. ఊడ దిగింది, మొన నేలకు తగిలింది, ఎర్రనేల ఎండి ఇటుకలా ఉంది. మొన నల్లబడి అక్కడే ఆగిపోయింది. సాళ్ళ మధ్య వేసిన కంది మాత్రం, వేరు లోతుకు పోతుంది కాబట్టి, పచ్చగా నిలబడింది.

ఉత్తర కార్తెలోనూ వాన లేకపోతే ఊరొదిలి పొమ్మని 'ఉత్తర చూసి ఎత్తర గంప' అంటారు. మేం గంప ఎత్తకముందే ఉత్తరలో వాన మొదలైంది. మొదలైంది ఆగలేదు. స్వాతిలో కట్టె (కాయతో ఉన్న చెనక్కాయ చెట్టు) పీకి ఆరేస్తే దాని మీదే మూడు రోజులు కురిసింది. ఆకు కుళ్ళి వాసనొచ్చింది, ఆవు మూతి తిప్పుకుంది. ఆ కట్టె మీదే కదా ఎండాకాలం దాకా మా పశువులు బతకాలి.

బెట్టకు చిక్కి, పైన తడిసిన కాయకు పచ్చటి బూజు పడుతుంది. దానిలో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. గట్టి గింజ వ్యాపారికి పోయింది. ముడుచుకున్నవి, రంగు మారినవి ఇంట్లో మిగిలాయి. మా అత్త వాటిని పొడి కొట్టబోతే గొడవపడి పారబోయించాను. ఎన్ని ఇళ్ళలో పారబోస్తారు?

ఇంత జరిగినా మిల్లీమీటర్లు కూడితే సగటుకు సరిపోయింది. సగటు కంటే 19 శాతం తగ్గినా, 19 శాతం పెరిగినా వాతావరణ శాఖ లెక్కలో 'సాధారణమే'. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టగలదని మా అమ్మాయి చెప్పింది. అందుకే పట్టిపట్టి ఒక్కసారే కుమ్మరిస్తోందట. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా పడే మా సీమలో అది ఎన్ని రోజుల్లో పడిందన్నదే పంట.

మీరు వేసే వానల పట్టికలో ఇంకొక్క గడి పెట్టండి: వానకూ వానకూ మధ్య ఎక్కువలో ఎక్కువ ఎన్ని రోజులు ఎండబెట్టిందో, మండలాల వారీగా. పరిహారం రాసే ఆఫీసర్లు కూడా మీ పేపరే చదువుతారు.

– ఒక మహిళా రైతు,
కళ్యాణదుర్గం మండలం, అనంతపురం జిల్లా