పచ్చ చేతుల గుర్తు: ఈ ఆదివారం నుంచి

అందరికీ నమస్కారం.

మూడు బాణాల రీసైక్లింగ్ గుర్తు అందరికీ తెలుసు. 1970లో గ్యారీ ఆండర్సన్ అనే అమెరికా విద్యార్థి గీశాడు. అయితే అది వస్తువును కరిగించి మళ్లీ తయారు చేసే సంగతి. గాజు సీసా కరగాలంటే కొలిమి దాదాపు 1,500 డిగ్రీల దాకా వేడెక్కాలి. అదే సీసాను కడిగి ఆవకాయ పెట్టుకోవడానికి చెంబుడు నీళ్లు చాలు! "ఇది ఇంకా పనికొస్తుంది" అని చెప్పే గుర్తే మన దగ్గర లేదు. మన పిల్లలు ఒకటి గీశారు: పచ్చని వృత్తంలో రెండు చేతులు.

ఆదివారం ఉదయం 10 నుంచి 12 వరకు లిఫ్టు పక్కన బల్ల వేస్తాం. మీకు అక్కర్లేకపోయినా ఇంకా పనికొచ్చే వస్తువులు దాని మీద పెట్టండి.

ఈ గుర్తున్న స్టిక్కర్లు వాచ్‌మన్ గదిలో ఉన్నాయి. శనివారంలోగా తీసుకోండి.
వస్తువులు కడిగి, తుడిచి, స్టిక్కర్ అంటించి తీసుకురండి.
మిక్సీ, ఫ్యాను అయితే పనిచేస్తుందో లేదో చీటీ మీద రాయండి. నిజమే రాయండి సుమా!
గుర్తున్న వస్తువు ఎవరైనా పట్టుకెళ్లవచ్చు. పనివాళ్లు, వాచ్‌మన్ కుటుంబం కూడా. అడగనక్కర్లేదు.

తెగిన చెప్పులు, మూతల్లేని డబ్బాలు దయచేసి వద్దు.

మరొక్క మాట: ప్లాస్టిక్ డబ్బా అడుగున త్రికోణంలో ఉండే అంకె ప్లాస్టిక్ రకాన్నే చెబుతుంది, మళ్లీ వాడుకోవచ్చని కాదు.

మిగిలిన వస్తువులను 12 గంటలకు ఎవరివి వారు వెనక్కి తీసుకెళ్లాలి.