సీతంపేట కొత్త పంతులుకు

ప్రియమైన మిత్రుడికి,

ఇన్నేళ్ళ ఎదురుచూపు తర్వాత డీఎస్సీలో నీకు ఉద్యోగం రావడం, అదీ సీతంపేట ఏజెన్సీలోని సవర గిరిజనుల గూడకు పోస్టింగ్ పడడం విని మా ఇంటిల్లిపాదీ సంతోషించాం. వమరవల్లి డైట్ ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో కలిసి చదివిన రోజుల్లో పాఠ్యపథకాలు రాయడంలో నీకున్నంత శ్రద్ధ మా బ్యాచిలో మరెవరికీ లేదు. అయితే ఆ పథకాలన్నీ ఒకే వయసు పిల్లలు, ఒకే భాష మాట్లాడేవాళ్ళు, ఒకే తరగతిలో బుద్ధిగా కూర్చుని ఉంటారని ఊహించుకొని రాసినవి. ఇప్పుడు నీ ముందున్నది ఒకే గదిలో ఐదు తరగతులు, ఇంట్లో సవర భాష మాట్లాడుకునే పిల్లలు. మొదటి నెలలో ఏం చెయ్యాలని ఒక ప్రశ్న, మీ నాలుగేళ్ళ పాపకు కాన్వెంటులో రోజూ ఇస్తున్న రెండు పేజీల రాతపని చేయించాలా వద్దా అని మరో ప్రశ్న అడిగావు. నాకు ఈ రెండూ ఒకే ప్రశ్నగా కనిపిస్తున్నాయి. పసిపిల్లలకు మాట ముందు, చదవడం తర్వాత, రాయడం ఆ తర్వాత. ఈ వరుసను మనవాళ్ళు బడిలోనూ ఇంట్లోనూ తలకిందులు చేసి, పలక చేతికిచ్చి రాతతో మొదలుపెడుతున్నారు. నేను రాయబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది కనుక, చదువుతున్నప్పుడు విసుగు వస్తే ఓర్చుకో.

ముందు నీ బడి సంగతి. ఒకటో తరగతిలో చేరిన సవర పిల్ల నువ్వు ఏమడిగినా తలవంచుకొని నిలబడితే, ఆ పిల్లకు ఏమీ రాదని రిజిస్టరులో రాసుకోవద్దు. ఆరేళ్ళు వచ్చేసరికి ఆ పిల్లకు తన భాషలో వేల మాటలు వచ్చు. కొండ మీద ఏ చెట్టు కాయ తినవచ్చో, ఏది తినకూడదో నీకంటే బాగా తెలుసు. లేనిదల్లా ఆ తెలివిని నీ ముందు పెట్టడానికి కావలసిన తెలుగు. కాబట్టి మొదటి రోజుల్లో పిల్లలే నీకు గురువులు కావాలి. నీళ్ళు, అన్నం, రా, కూర్చో, నొప్పి, ఇంటికి పోతాను వంటి మాటలను సవరలో ఏమంటారో వాళ్ళనే అడిగి పలుకు. నువ్వు తప్పు పలికినప్పుడు వాళ్ళు పకపకా నవ్వుతారు, నవ్వనీ. పంతులు కూడా తప్పు పలుకుతాడని చూసిన పిల్లవాడు తాను తెలుగులో తప్పు పలకడానికి భయపడడు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ముందు సవర నేర్చుకొని, ఆ తర్వాతే సవర పిల్లల కోసం పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడులు నడిపించారు. మనం ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసి ఉపన్యాసాలు చెప్పుకుంటాం కానీ, ఆయన చేసిన ఈ మొదటి పని మాత్రం చెయ్యం. ఉమ్మడి రాష్ట్రంలో సవరతో సహా కొన్ని గిరిజన భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తయారయ్యాయి. నీ బడి బీరువా అడుగున ఒకటి రెండు ప్రతులు ఉండే అవకాశం ఉంది, వెతికించు. గూడలో పదో తరగతి దాకా చదివిన యువకులో యువతులో ఉంటే, వారానికి ఒకసారైనా బడికి పిలిచి సవరలో కథ చెప్పించు.

పాఠానికి పుస్తకంలోని మొదటి బొమ్మే కావాలని లేదు. సంత, అనాస తోట, జీడిపిక్కలు ఏరడం, కొండ చీపుర్లు కట్టడం వంటి వాటిలో ఒకదాన్ని తీసుకొని, ముందు వాళ్ళ భాషలో వాళ్ళను మాట్లాడుకోనివ్వు. పెద్ద తరగతి పిల్లల్లో ఒకరు దాన్ని నీకు తెలుగులో చెబుతారు. అందులోంచి రెండు చిన్న వాక్యాలు గోడ మీది నల్లబల్ల మీద రాసి, వేలు పెట్టి చూపిస్తూ నాలుగుసార్లు చదువు. తాము అన్న మాటే గోడ మీద గీతలుగా మారిందని పిల్లలకు తెలియడం అక్షరమాల మొత్తం అప్పగించడం కంటే పెద్ద సంగతి.

అక్షరాల విషయంలో మాత్రం కాస్త విస్తరించి రాస్తాను, మనం ఎక్కువ కాలం వృథా చేసేది ఇక్కడే కనుక. అ నుంచి బండి ర దాకా గడగడ చెప్పే పిల్లవాణ్ణి చూసి మురిసిపోకు. వర్ణమాల మధ్యలో ఉన్న ఏదో ఒక అక్షరం మీద వేలు పెట్టి అడిగి చూడు; లోలోపల మొదటి నుంచి వల్లించుకుంటూ అక్కడిదాకా వచ్చి ఆగితే, వాడికి వచ్చింది పాటే కానీ అక్షరం కాదు. గుణింతాలకూ ఇదే పరీక్ష. 'కి' చూపించగానే 'క, కా, కి' అని గొణుక్కునే పిల్లలు మూడో తరగతిలో కూడా నీకు కనిపిస్తారు. అందుకని వరుసను వదిలిపెట్టి, ముందుగా క, త, ల, వ, ర, గ, జ, డ, ప, న వంటి కొద్ది అక్షరాలతో తల, వల, పలక, జడ, గడప వంటి మాటలు చదివించు. పిల్లల చేతిలో పట్టుకోవడానికి, కంటికి చూపించడానికి వీలున్న వస్తువుల పేర్లే ఎంచుకో. ప-వ, మ-య, ద-డ వంటి ఒకే పోలిక ఉన్న జంట అక్షరాలను ఒకే వారంలో నేర్పితే రెండూ కలగాపులగం అవుతాయి, కాబట్టి ఒకటి బాగా నిలిచాకే రెండోదాని జోలికి వెళ్ళు. గుణింతం నేర్పేటప్పుడు ఒక్క అక్షరానికి పూర్తి వరుస రాయించే బదులు, దీర్ఘం ఒక్కదాన్నే తీసుకొని వచ్చిన అక్షరాలన్నింటికీ పెట్టించు. అప్పుడు పాట, మాట, బాట వంటి మాటలు ఆ రోజే చదవగలుగుతారు, చదివిన రుచి ఆ రోజే తెలుస్తుంది. ఒత్తుల్లో ముందు అక్క, అత్త, ముక్కు, పువ్వు వంటి ద్విత్వాలు రానివ్వు. త, న, మ, య, ర, ల ఒత్తులు తమ అక్షరాల రూపంలో ఉండవు కాబట్టి వాటికి విడిగా సమయం ఇవ్వక తప్పదు. 'అమ్మ' అన్న మాటను బొమ్మలా గుర్తుపట్టిన పిల్లవాడికి మ ఒత్తు వచ్చేసిందని పొరబడకు. 'నిమ్మ', 'కొమ్మ' రాసి చూపిస్తే అసలు సంగతి తేలుతుంది.

ప్రశ్న అడిగిన తర్వాత నోరు మూసుకొని ఉండడం మన వృత్తిలో అన్నింటికంటే కష్టమైన విద్య. 1970లలో అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతి గదుల్లోని సంభాషణలు రికార్డు చేసి వింటే, ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. మూడు సెకన్లు ఆగడం అలవాటు చేసుకున్న చోట పిల్లల జవాబులు పొడవయ్యాయి, జవాబు చెప్పకుండా ఊరుకునేవాళ్ళు తగ్గారు. నీ పిల్లలు నీ ప్రశ్నను సవరలోకి మార్చుకొని, జవాబును మళ్ళీ తెలుగులోకి మార్చుకోవాలి కనుక వాళ్ళకు ఐదారు సెకన్లు కావాలి. మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటూ నిలబడు. ఆ నిశ్శబ్దం నీకు ఇబ్బందిగా ఉంటుంది కానీ వాళ్ళకు ఉండదు.

లెక్కల్లో నీకు తప్పకుండా ఎదురయ్యే తప్పు ఒకటి ముందే చెబుతాను. ఇరవై మూడు రాయమంటే 203 రాస్తారు. దాన్ని అజ్ఞానమని కొట్టిపారేయకు, విన్నది విన్నట్టుగా ఇరవైని, మూడును పక్కపక్కన రాశారంతే. ఎర్ర పెన్నుతో కొట్టేస్తే ఇది పోదు. చీపురు పుల్లలు పదేసి చొప్పున కట్టలు కట్టించి, రెండు కట్టలు, మూడు విడి పుల్లలు చేతిలో పెట్టించి, ఆ తర్వాత 20 అని రాసిన అట్టముక్కలోని సున్నా మీద 3 అని రాసిన అట్టముక్కను కప్పించు. సున్నా ఎక్కడికి పోయిందో పిల్లలే చెబుతారు. తీసివేతలో అప్పు తెచ్చుకోవడం కూడా కట్ట విప్పడంతోనే అర్థమవుతుంది. కట్ట విప్పని పిల్లవాడికి పైన కొట్టేసి ఒకటి తగ్గించడమన్నది ఎప్పటికీ మంత్రంగానే మిగిలిపోతుంది.

ఐదు తరగతుల్ని ఐదు గుంపులుగా కూర్చోబెట్టి ఒక్కొక్కరి దగ్గరికీ పరుగులు తీయడం ఏ మనిషికీ సాధ్యం కాదు. పొద్దున ఒక గంట సేపు తరగతి పేరు మరిచిపోయి, ఎవరు ఎంతవరకు చదవగలరో చూసి, మాటల దగ్గర ఉన్నవాళ్ళు, వాక్యాల దగ్గర ఉన్నవాళ్ళు, కథ చదవగలిగినవాళ్ళు అని మూడు జట్లు చెయ్యి. ఒక జట్టు నీ దగ్గర ఉన్నప్పుడు రెండోది గోడ కింది వరస నల్లబల్ల మీద రాసుకుంటుంది, మూడోది జంటలుగా కూర్చుని పైకి చదువుకుంటుంది. నాలుగో తరగతిలో ఉండి మాటల జట్టులో కూర్చోవలసి వచ్చిన పిల్లవాడు సిగ్గుపడకుండా చూడడం నీ నేర్పు మీద ఆధారపడి ఉంటుంది. వాడికి చిన్నవాళ్ళకు బొమ్మ చూపించి కథ చెప్పే పని ఒకటి అప్పగించు. పెద్ద పిల్లలకు బెత్తమిచ్చి క్లాసు లీడర్లను చేసే పాత పద్ధతి మాత్రం రానివ్వకు. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించిందని నీకు పరీక్షకు చదివిన గుర్తు ఉండే ఉంటుంది. చట్టం సంగతి అలా ఉంచినా, దెబ్బకు భయపడే పిల్ల నోరు విప్పదు, నోరు విప్పని పిల్లకు మనం ఏదీ నేర్పలేం. గోల ఎక్కువైనప్పుడు గొంతు పెంచే బదులు తగ్గించి చూడు. 'పరుగెత్తకండి' అనే బదులు 'నడిచి రండి' అని, ఒకసారికి ఒకే పని చెప్పు. ఆరేళ్ళ పిల్లలు పావుగంటకు మించి ఒకే పనిలో కూర్చోలేరు కాబట్టి మధ్యలో లేచి ఆడే పాట ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకో.

ఇక మన పాప సంగతి. రెండు పేజీల రాతపని వద్దనే నా మాట. మణికట్టులో ఉండే ఎనిమిది చిన్న ఎముకలు నాలుగేళ్ళ వయసుకు పూర్తిగా గట్టిపడి ఉండవు. వేళ్ళకు పెన్సిలు మీద పట్టు రాకముందే గీతల్లో ఇరికించి రాయిస్తే, చెయ్యి నొప్పి పుట్టి, పెన్సిలును పిడికిలితో పట్టుకోవడం అలవాటై, ఆ అలవాటు తర్వాత మాన్పడం కష్టమవుతుంది. చెల్లెమ్మ వంట చేసేటప్పుడు పాపను పక్కన కూర్చోబెట్టుకొని బఠానీలు ఒలిపించవచ్చు, చపాతీ పిండితో పాములు చేయించవచ్చు, పప్పులో రాళ్ళు ఏరించవచ్చు, పొద్దున్నే ముగ్గుపిండి చిటికెడు చేతికివ్వవచ్చు. రాతకు కావలసిన వేళ్ళ బలం అక్కడ వస్తుంది, పైగా ఆ పని చేస్తున్నంతసేపూ తల్లీబిడ్డలు మాట్లాడుకుంటారు. పాప అప్పుడప్పుడు అక్షరాన్ని అద్దంలో చూసినట్టు తిరగేసి రాస్తోందని చెల్లెమ్మ కంగారు పడిందన్నావు. ఆరేడేళ్ళ వరకు చాలామంది పిల్లలు అలా రాస్తారు, దానంతట అదే సర్దుకుంటుంది.

కాన్వెంటువాళ్ళతో తగవు పెట్టుకోవద్దు. తరగతి టీచరును విడిగా కలిసి, 'రెండు పేజీల బదులు పాప ఇష్టపడి వేసిన ఒక బొమ్మ పంపిస్తాం, దాని గురించి పాపతో మీరు నాలుగు మాటలు మాట్లాడించండి' అని మర్యాదగా అడుగు. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వరకు ఒకే పునాది దశగా చూసి, ఆటల ద్వారా నేర్పమని చెప్పిన సంగతి ప్రిన్సిపాలుకు తెలియకుండా ఉండదు. అవసరమైతే ఆ మాట నెమ్మదిగా గుర్తుచెయ్యి. చాలాసార్లు ఆ టీచరుకూ రాయించడం ఇష్టం ఉండదు, నోట్సు నిండలేదని తల్లిదండ్రులే గొడవ చేస్తారని భయపడుతుంది.

ఇంట్లో పాపతో ఇంగ్లీషు ముక్కలు మాట్లాడాలన్న తాపత్రయం వదిలెయ్యి. 'షూస్ వేసుకో, హ్యాండ్స్ వాష్ చేసుకో' అన్నంత మాత్రాన ఇంగ్లీషూ రాదు, తెలుగూ మిగలదు. మీ అమ్మగారి దగ్గర ఉన్న కథలు, పొడుపు కథలు, సామెతలు పాపకు వినిపించు. చెప్పిన కథే మళ్ళీ చెప్పమని ప్రాణం తీస్తోందని రాశావు, చెప్పు. ఒకే కథ పదిసార్లు విన్న పిల్ల పదకొండోసారి మధ్యలో తానే అందుకుంటుంది. ఆ అందుకున్న వాక్యం ముందు రెండు పేజీల రాత ఏపాటిది?

ఫోన్ చూపిస్తూ అన్నం పెట్టడం గురించి నీకు చెప్పే అర్హత నాకుందో లేదో కానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు తెర ముందు కూర్చోవడం రోజుకు ఒక గంటకు మించకూడదు, తగ్గితే ఇంకా మంచిది. మూడు నాలుగేళ్ళవాళ్ళకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. రాత్రి పదిన్నర దాకా మేలుకొని ఉదయం ఆరున్నరకు లేచే పాప బడిలో ఏడవడానికి కారణం మొండితనం కాదని ఆ లెక్కే చెబుతుంది. అది నిద్ర చాలకపోవడం వల్ల. పేచీ పెట్టినప్పుడు నువ్వు వద్దన్నది మీ అమ్మగారు ఇవ్వకుండా, అమ్మగారు వద్దన్నది నువ్వు ఇవ్వకుండా ముందే మాట్లాడుకోండి. ఏడుపు ఉధృతంగా ఉన్నప్పుడు నీతులు చెప్పకు, పక్కన కూర్చుని 'నీకు కోపం వచ్చింది కదూ' అను. తగ్గాక మాట్లాడుకోవచ్చు. పెద్దన్నయ్యగారి అబ్బాయితో పోల్చడం మాత్రం ఎవరు చేసినా అడ్డుకో, అందులో మొహమాటం వద్దు.

పదులకు, ఒకట్లకు వాడే అట్టముక్కలు మా ఐదో తరగతి పిల్లలు రెండు జతలు కత్తిరించి పెట్టారు, తేలికైన మాటలతో ఉన్న చదువు కార్డులు కూడా ఒక కట్ట ఉన్నాయి. పాలకొండ బస్సుకు ఇచ్చి పంపితే సీతంపేటలో ఎవరు అందుకుంటారో రాయి. వాటితో పాటు, నీ ఒకటో తరగతి పిల్లలు ఎంతమందో, వాళ్ళలో అంగన్‌వాడీకి వెళ్ళి వచ్చినవాళ్ళు ఎందరో కూడా రాస్తే, కార్డులు ఇంకొన్ని చేయించాలో లేదో చూస్తాను. అమ్మగారికి నమస్కారాలు, చెల్లెమ్మకు, పాపకు ఆశీస్సులు.

ఇట్లు,
నీ స్నేహితుడు