ఆరు అట్టపెట్టెలు, కొందరు మంచి మనుషులు

పోయిన ఆదివారం మా అబ్బాయి తన మంచం కింద ఉన్న, బొమ్మల కార్డులు నింపిన ఆరు అట్టపెట్టెలను తనే బయటికి లాగాడు. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. లోపలికి అడుగు పెట్టకూడదన్నది మా ఇద్దరి ఒప్పందం. సాయంత్రానికి నాలుగు పెట్టెలు ఖాళీ అయ్యాయి. ఏడాదిన్నర క్రితం ఇదే గదిలో, వాడు బడికి వెళ్ళినప్పుడు, నేను ఒక పెట్టె తీసుకెళ్ళి చెత్తలో పడేశాను. ఆ రోజుకీ ఈ ఆదివారానికీ మధ్య మాకు చేయి అందించిన వాళ్ళు కొందరున్నారు. ఎదురుపడినప్పుడు వాళ్ళకు సరిగ్గా చెప్పలేకపోయిన మాట ఇక్కడ రాస్తున్నాను. రాసింది ముందు వాడికే చూపించాను. రెండు చోట్ల కొట్టేశాడు. ఒక చోట పక్కన "ఇలా జరగలేదు నాన్నా" అని రాశాడు. వాడు చెప్పినట్టే దిద్దాను.

వాడికి ఇప్పుడు పద్నాలుగేళ్ళు. పదకొండో ఏట స్నేహితుడు ఇచ్చిన ఒక బొమ్మల కార్డుతో మొదలైంది. లోపల ఏ కార్డు ఉందో చింపేదాకా తెలియని మూసిన ప్యాకెట్లు, సెట్టుకు యాభై కార్డులు. ఫోను పక్కన పెట్టి ఏదో ఒకటి చేతిలోకి తీసుకున్నాడు కదా అని నేనూ వాళ్ళమ్మా సంబరపడ్డాం. నిజంగానే మొదటి ఏడాది ముచ్చటగా ఉండేది. కార్డులను వరుసలో పేర్చి, ఏది ఎవరి దగ్గర మార్చుకున్నాడో కథలు కథలుగా చెప్పేవాడు. ఎప్పుడు మారిందో చెప్పమంటే చెప్పలేను. పాలు పొంగే క్షణాన్ని ఎవరు కచ్చితంగా పట్టుకోగలరు?

నాకు గుర్తున్నది ఒక రాత్రి. నీళ్ళ కోసం లేచాను. వాడి గదిలో దీపం వెలుగుతోంది. తలుపు సందులోంచి చూస్తే, చింపిన ఖాళీ కవర్లను ఒక్కొక్కటే బల్ల మీద పరచి, స్కేలు అంచుతో ముడతలు పోయేలా సాపు చేస్తున్నాడు. ప్రతి కవరు వెనకా చిన్న అక్షరాలతో తేదీ, అందులో వచ్చిన కార్డు నెంబరు. తర్వాత తెలిసింది, అలాంటివి నాలుగు వందలకు పైగా ఉన్నాయని. "కవర్లెందుకురా?" అని అడిగితే నా వైపు చూడకుండా, "పారేస్తే ఏం వచ్చిందో మర్చిపోతాను" అన్నాడు. వాడి మొహంలో సరదా లేదు. అర్ధరాత్రి దాకా కూర్చుని లెక్కలు సరిచూసుకునే గుమాస్తా మొహంలా ఉంది.

ఆ తర్వాతివన్నీ త్వరగా చెప్పేస్తాను, చెప్పుకోవడానికి గొప్పవేమీ కావు. అబద్ధాలు వచ్చాయి. వాళ్ళ అక్క దాచుకున్న డబ్బు తగ్గింది. సైకిలు ఒక స్నేహితుడి ఇంట్లో "ఉండిపోయింది". మార్కులు పడిపోయాయి. అప్పుడే నేను ఆ పెట్టె పారేశాను. మంచి తండ్రి చేయాల్సిన గట్టి పని చేశానని రెండు గంటలపాటు నాకు నేనే శభాష్ చెప్పుకున్నాను. వాడు ఏడవలేదు, అరవలేదు. మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నెల తిరిగేసరికి పారేసినదానికి రెండింతలు తెచ్చాడు. ఈసారి మంచం కింద కాదు, బడి సంచి అడుగున, పాత పుస్తకాల వెనక, అటక మీద.

మొదటి కృతజ్ఞత కౌన్సెలర్ మేడమ్ గారికి. "సమస్య ఏమిటో మీరు చెప్పకండి, అబ్బాయిని చెప్పనివ్వండి" అని ఆవిడ మొదటి రోజే నన్ను బయట కూర్చోబెట్టారు. నచ్చిన కార్డు ఒకటి, నచ్చనిది ఒకటి తెమ్మంటే వాడు నలభై పట్టుకెళ్ళాడు. గంటసేపు ఆ నలభై గురించే విన్నారట. ఇంటికొచ్చాక వాడు నాతో అన్న మాట: "ఆవిడ ఒక్కసారి కూడా గడియారం వైపు చూడలేదు."

వాడికి జబ్బు పేరేదైనా ఉందా అని ఆవిడను భయం భయంగా అడిగాను. వస్తువులను వదులుకోలేకపోవడం, ఇల్లు నిండిపోయేంతగా పోగు చేయడం అన్నది ఒకప్పుడు ఓసీడీలో (ఒకే ఆలోచన, ఒకే పని పదే పదే వెంటాడే రుగ్మతలో) ఒక లక్షణంగా మాత్రమే చూసేవారనీ, 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథం ఐదో కూర్పులో దాన్ని విడి రుగ్మతగా చేర్చిందనీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన వర్గీకరణలో కూడా అది విడిగానే ఉందనీ చెప్పారు. దాని తొలి జాడలు చాలామందిలో ఈ వయసులోనే కనిపిస్తాయట. అయితే మా వాడి మీద ఆ ముద్ర వేయడానికి ఒప్పుకోలేదు. "గదిలో నడవడానికి దారి ఉంది. కార్డులకు వరుస ఉంది. మార్చుకోవడం తెలుసు. సేకరించేవాళ్ళ లక్షణాలివి. కొనకుండా ఉండలేకపోవడం, కవరు కూడా పారేయలేకపోవడం, వీటి సంగతి చూద్దాం" అన్నారు. నేను చేసిన ఘనకార్యం చెబితే తిట్టలేదు. ఇంట్లోవాళ్ళు చెప్పకుండా పారేస్తే పట్టు సడలదనీ, బిగుస్తుందనీ మాత్రం అన్నారు. బిగిసిన పట్టును అప్పటికే చూసిన వాణ్ణి కాబట్టి నోరు మూసుకున్నాను.

పని కవర్లతో మొదలుపెట్టారు. వారానికి పది. పారేసేది వాడే, వాడి చేత్తోనే. పారేసే ముందు ఎంత బాధగా ఉందో సున్నా నుంచి పది లోపు ఒక అంకె వేయాలి. గంట తర్వాత ఒకసారి, మర్నాడు ఒకసారి. మొదటి కవరుకు వేసిన అంకెలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి: 9, 6, 2. ఆ మూడు అంకెలను వాడు చాలాసేపు చూశాడట. బాధ ఎప్పటికీ తొమ్మిది దగ్గరే ఉంటుందనుకున్నాడు పాపం. మరో అభ్యాసం నాకే కష్టమనిపించింది. కార్డులు అమ్మే చోటికి వెళ్ళి, పది నిమిషాలు వాటి ముందు నిలబడి, ఏమీ కొనకుండా తిరిగి రావడం. నేను తోడు వెళ్ళాలి, మాట్లాడకూడదు. మొదటిసారి నాలుగో నిమిషానికే వాడి చెవులు ఎర్రబడ్డాయి. జేబులో చేయి పెట్టి తీశాడు, పెట్టి తీశాడు. జేబు ఖాళీ అని ఇద్దరికీ తెలుసు. పదో నిమిషం కాగానే ముందు నేనే పరుగులాంటి నడకతో బయటపడ్డాను. అరువు ఇవ్వనని వాడి ముఖం మీదే చెప్పి, మేం ఖాళీ చేతులతో నిలబడినా విసుక్కోని ఆ దుకాణదారుకు కూడా ఒక నమస్కారం.

రెండో కృతజ్ఞత లెక్కల మాస్టారికి. ఆయనకు మేం ఏమీ చెప్పలేదు. మార్కుల గురించి పిలిపించి, వాడి పుస్తకం చివరి పేజీల్లో కార్డు నెంబర్ల జాబితాలు చూసి తనే గ్రహించారు. ఒక సెలవు రోజు సాయంత్రం మా ఇంటికొచ్చి యాభై చీటీలు చింపించారు. ఒకటి నుంచి యాభై వరకు నెంబర్లు వేయించి ఒక గిన్నెలో పోశారు. చూడకుండా ఒకటి తీయాలి, నెంబరు రాసుకోవాలి, మళ్ళీ గిన్నెలో వేసి కలపాలి. యాభై నెంబర్లూ కనీసం ఒక్కోసారి వచ్చేదాకా ఆట ఆగదు. "ఎన్నిసార్లు తీయాలంటావు?" అన్నారు. వాడు కాస్త ఆలోచించి "ఎనభై" అన్నాడు. నేను మనసులో వంద అనుకున్నాను.

మొదట్లో హుషారుగానే సాగింది. ముప్పై ఆరు సార్లకే సగం నెంబర్లు వచ్చేశాయి. తర్వాత వచ్చినవే రావడం మొదలైంది. నూట ఎనభై దాటాక వాడు చెయ్యి వెనక్కి తీసుకుని, "ఇక చాలు మాస్టారూ" అన్నాడు. ఆయన గిన్నె మళ్ళీ ముందుకు జరిపి, "డబ్బు పెట్టి కొన్నప్పుడు చాలనలేదుగా? ఇవి కాగితాలే, తియ్యి" అన్నారు. 241వ సారి ఆఖరి నెంబరు 14 వచ్చింది. ఎవరికీ చప్పట్లు కొట్టాలనిపించలేదు.

అప్పుడు కాగితం తీసుకుని లెక్క వేసి చూపించారు. యాభై కార్డులూ సమానంగా అచ్చవుతాయనుకున్నా, ఒక్కడే కొంటూ సెట్టు పూర్తి చేయాలంటే సగటున 225 ప్యాకెట్లు కావాలి. అందులో మొదటి సగం కార్డులకు 34 ప్యాకెట్లు చాలు, మిగతా సగానికి 190కి పైనే. ఆఖరి ఒక్క కార్డుకే సగటున 50. కొన్ని కార్డులు కావాలనే తక్కువగా వేస్తే లెక్క ఇంకా పైకి పోతుంది. నలభై సార్లు రాలేదు కాబట్టి ఈసారి తప్పక వస్తుందన్న ఆశకు ఆధారం లేదని, గిన్నెలో చీటీకి ముందటి సంగతులేవీ తెలియవని చెప్పారు. ఆ మాట నాకూ పనికొచ్చింది, ఎందుకో అడగకండి. చివర్లో ఆయన మరో మాట అన్నారు: డూప్లికేట్లు మార్చుకునే వాళ్ళు నలుగురు కలిస్తే ఒక్కొక్కరు కొనాల్సినవి బాగా తగ్గిపోతాయని. కార్డులు మానెయ్యమని మాత్రం అనలేదు. అది గమనించింది మా అబ్బాయే.

ఈ సంగతి కౌన్సెలర్ మేడమ్ గారికి చెబితే నవ్వి, దీనికి ఇంకో సగం ఉందన్నారు. బి.ఎఫ్. స్కిన్నర్ అనే శాస్త్రవేత్త పావురాలతో చేసిన ప్రయోగాల సంగతి అది. ఎన్ని పొడుపులకు గింజ వస్తుందో తెలియనప్పుడు పావురం ఎడతెగకుండా పొడుస్తూనే ఉంటుందట. గింజలు ఆపేసినా చాలాసేపు వదలదట. మూసిన ప్యాకెట్టు చేసే పని అదే. నేను అంతవరకూ దాన్ని మా వాడి బలహీనత అనుకున్నాను. ప్యాకెట్టు తయారీలోనే ఆ కిటుకు ఉందని నాకు తట్టలేదు.

మూడో ఆయన మా ఆఫీసు మిత్రుడి మామగారు. డెబ్బై దాటిన మనిషి. చిన్నప్పటి నుంచీ తపాలా బిళ్ళలు కూడబెడుతున్నారు. మా వాడు తన కార్డుల కట్ట ఒకటి ఆయన ముందు పెట్టాడు. ఆయన దానికి బిగించిన రబ్బరు బ్యాండు నెమ్మదిగా తీసి, పై కార్డును పక్కకు వంచి వెలుతురులో పట్టుకున్నారు. అంచు మధ్యలో రబ్బరు నొక్కిన గాటు. కింది దానికీ ఉంది. "దీన్ని ఆఖరిసారి ఎప్పుడు చూశావు నాయనా?" అని అడిగారు. వాడు చాలాసేపు జవాబు చెప్పలేదు. తర్వాత "కొన్న రోజు" అన్నాడు. ఇన్ని నెలల్లో నేను వాణ్ణి అడిగిన వంద ప్రశ్నల్లో ఇది లేదు.

ఆయన తన ఆల్బమ్ తెరిచారు. అన్నీ వంతెనల బొమ్మలున్న బిళ్ళలే. పట్టకారుతో తప్ప ముట్టుకోనివ్వలేదు. పీవీసీ కవర్లలో పెడితే ఏళ్ళు గడిచేకొద్దీ జిగురు దిగి పాడవుతాయని, కార్డులకైనా అంతేనని చెప్పారు. 1918లో అమెరికాలో విమానం తలకిందులుగా అచ్చయిన వంద బిళ్ళల షీటు ఒకటి తపాలా కార్యాలయం నుంచి బయటికి వచ్చిన కథ చెబుతుంటే మా వాడి కళ్ళు మెరిశాయి.

"మీ దగ్గర ఉందా తాతగారూ?"

"లేదు. రాదు కూడా."

"మరి బాధగా ఉండదా?"

"ఉంటే బాగుండును అనిపిస్తుంది. అనిపించినప్పుడు వంతెనలు చూసుకుంటాను."

ఇంటికి వచ్చే దారంతా వాడు మాట్లాడలేదు. ఆ రాత్రే రబ్బరు బ్యాండ్లన్నీ తీసేశాడు. వాడి సెట్టులో పక్షుల కార్డులు పన్నెండు ఉన్నాయి. అవి తన సేకరణ అనీ, మిగతావి మార్చుకోవడానికనీ పది రోజుల తర్వాత ప్రకటించాడు. పన్నెండే ఎందుకని నేను అడగలేదు. అడగకపోవడం ఈమధ్యే నేర్చుకుంటున్నాను.

మా అమ్మాయికి కూడా ఇక్కడే చెప్పాలి. తన డబ్బు పోయినప్పుడు ఇల్లు పీకి పందిరేసినా తప్పు పట్టేవాణ్ణి కాదు. అది గోడ మీది క్యాలెండర్‌లో వారం వారం గడులు గీసి, తమ్ముడు తిరిగి ఇచ్చినప్పుడల్లా సంతకం పెట్టించుకుంటోంది. ఇవ్వని వారం వాడితో మాటలుండవు. ఇచ్చిన రోజు ఆ సంగతి మళ్ళీ ఎత్తదు. మాలో ఎవరికీ చేతకాని న్యాయం అది. ఇంకా ఏడు గడులు మిగిలాయి.

అంతా చక్కబడిందని చెబితే మళ్ళీ "ఇలా జరగలేదు నాన్నా" అని రాస్తాడు. పోయిన నెల కొత్త సెట్టు వచ్చింది. రెండు ప్యాకెట్లు కొన్నాడు. ఇంటికొచ్చి తనే చెప్పాడు, కవర్లు తనే పారేశాడు, అంకె వేశాడు: 4. మేడమ్ గారి దగ్గరికి నెలకోసారి వెళ్తున్నాం. నేను పారేసిన పెట్టె గురించి వాడికి క్షమాపణ చెప్పాను. "సరే" అన్నాడు. అందులో ఏమేం ఉన్నాయో మాత్రం నెంబర్లతో సహా అప్పజెప్పాడు, ఒక్కటీ మర్చిపోలేదు.

నాలుగు పెట్టెల డూప్లికేట్లు ఇప్పుడు ముందు గదిలో ఉన్నాయి. మార్చుకునే పిల్లలకు కొన్ని, ఊరికే ఇవ్వడానికి కొన్ని అని వాడే వేరు చేశాడు. కావలసిన వాళ్ళు నెంబర్లు రాసి పంపితే చూసి చెబుతానన్నాడు. 37 మాత్రం అడగవద్దట. అది మా దగ్గరా లేదు.