ఫోర్కు కొనే ముందు టేపు తీయండి

సంపాదకులకు నమస్కారం.

తిరుపతిలో తెల్లవారుతూనే అలిపిరి వైపు, చంద్రగిరి దారిలో, కల్యాణి డ్యాం వైపు గేర్ల సైకిళ్లు కనబడుతున్నాయి. చిత్తూరు పక్క పల్లెల్లో మామిడి తోటల గట్ల మీద, చెరువు కట్టల మీద కుర్రకారు తొక్కుతోంది. వీటిలో చాలా సైకిళ్లకు ముందర మాత్రమే షాకప్పులుంటాయి, వెనక ఉండవు. వీటినే హార్డ్‌టెయిల్ అంటారు. కొన్నాళ్లకు ముందు చక్రాన్ని పట్టుకునే ఆ షాకప్పుల ఫోర్కు బిగుసుకుపోవడమో, లొటలొటలాడడమో మొదలవుతుంది. అప్పుడు అంగట్లో ఉన్నదో, ఆన్‌లైన్‌లో చవగ్గా కనబడిందో తెచ్చి తగిలించమంటున్నారు. అది పట్టకపోతే డబ్బు పోతుంది, అంతే. సరిపోనిది ఎలాగోలా పట్టించేస్తేనే అసలు ప్రమాదం. అందుకే ఈ ఉత్తరం.

అసలు పోయింది ఫోర్కేనా? ముందు బ్రేకు గట్టిగా పట్టి సైకిలును ముందుకూ వెనక్కూ ఊపండి. ఊపుతూనే ఫ్రేము ముందర నిలువుగా ఉండే తల గొట్టానికీ ఫోర్కుకూ మధ్యనున్న కింది కప్పు సందులో వేలు పెట్టండి. కదలిక అక్కడ తగిలితే హెడ్‌సెట్, అంటే తల గొట్టంలోని బేరింగుల జత, వదులైందన్న మాట. అలెన్ కీతో పది నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. నున్నటి పై గొట్టం కింది కాలిలోకి దూరే చోట కదలిక తెలిస్తే లోపలి బుషింగులు, అంటే గొట్టం జారే రింగులు, అరిగాయి. చవక ఫోర్కులకు ఆ బుషింగులు విడిగా దొరకవు, మార్చుకోవాల్సిందే. పై గొట్టాల మీద పూత లేచి గోటికి గీత తగులుతున్నా అంతే. ఆ గీత సీలును కోస్తుంది, కోసిన చోట ఎర్రమట్టి దిగుతుంది.

మార్చాలని తేలాక మొదట చూడాల్సింది స్టీరర్ గొట్టం, అంటే ఫోర్కు పైన ఫ్రేములోకి దూరి హ్యాండిల్‌ను పట్టుకునేది. ఇందులో రెండు రకాలున్నాయి. కింది నుంచి పై దాకా ఒకే లావు, 28.6 మి.మీ., ఉండేది నేరు గొట్టం. కింద ఒకటిన్నర అంగుళం ఉండి పైకి పోయేకొద్దీ 28.6కు సన్నబడేది టేపర్ గొట్టం. వెర్నియర్ లేకపోయినా దర్జీ టేపు చాలు. ఫోర్కు ఊడదీసి గొట్టం అడుగున చుట్టుకొలత తీస్తే నేరుదానికి 90 మి.మీ., టేపర్‌కు 120 మి.మీ. దగ్గర వస్తుంది. టేపర్ ఫ్రేములో నేరు ఫోర్కు వేసుకోవచ్చు, కింది బేరింగులో కూర్చునే రేసును తగ్గింపు రకానికి మార్చుకుంటే చాలు. తిరగేసి చేయడమే కష్టం. తల గొట్టం లోపలి కొలత 34 మి.మీ. ఉన్న పాత ఫ్రేములో టేపర్ ఫోర్కు ఏ విధంగానూ దూరదు. 44 మి.మీ. ఉంటే బయటికి వచ్చే కింది కప్పు వేసి పట్టించవచ్చు. సుత్తితో, ఆకురాయితో 'సర్దేస్తాం' అనేవాళ్ల దగ్గర్నుంచి సైకిలు వెనక్కి తెచ్చేసుకోండి. మరీ పాత సైకిళ్లలో స్టీరర్‌కు మర ఉండి, హ్యాండిల్ కాడ గొట్టం లోపలికి దిగి ఉంటుంది. అలాంటి దానికి కొత్త ఫోర్కు వేయాలంటే హెడ్‌సెట్, స్టెమ్ (హ్యాండిల్‌ను గొట్టానికి పట్టించే ముక్క) కూడా మార్చాలి. ఆ ఖర్చు కలిపి చూసుకున్నాకే ముందుకెళ్లండి.

గొట్టం పొడవు సంగతి సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు మరీ ముఖ్యం. తల గొట్టం 120, హెడ్‌సెట్ కప్పులు పైనా కిందా కలిపి 25, స్టెమ్ 40, స్టెమ్ కింది రింగులు (స్పేసర్లు) 20 అనుకుంటే మొత్తం 205 మి.మీ. పైమూత బిగియడానికి అందులోంచి 3 తీసేస్తే గొట్టం 202 ఉండాలి. ఎవరో తమ చిన్న ఫ్రేముకు 170కి కోసి అమ్ముతున్న ఫోర్కు ఎంత మంచిదైనా మీకు పనికిరాదు. కోసిన గొట్టాన్ని అతికించే మార్గం లేదు. కొత్తది పొడుగ్గానే వస్తుంది కాబట్టి కోసుకోవచ్చు. కోసే చోటికి రెండు పక్కలా హోస్ క్లిప్పులు బిగించి వాటి సందున హాక్సా నడిపితే వంకర పోదు. కోశాక లోపలా బయటా గరుకును ఆకురాయితో తీయాలి.

చక్రం ఇరుసు దగ్గర మోసపోవడం ఇంకా తేలిక. మన దగ్గర తిరిగే హార్డ్‌టెయిల్ సైకిళ్లలో ఎక్కువ వాటికి ముందు హబ్బు (చక్రం నడిమి భాగం) 100 మి.మీ. వెడల్పు, ఇరుసు 9 మి.మీ. క్విక్ రిలీజ్, అంటే చేతి మీటతో ఊడేది. ఇప్పుడొచ్చే మంచి ఫోర్కుల్లో చాలావాటికి 15 మి.మీ. ఇరుసు, 110 మి.మీ. వెడల్పు, దీన్నే బూస్ట్ అంటారు. పాత హబ్బు అందులో కూర్చోదు. ఫోర్కు తగ్గింపు ధరకు వచ్చిందని సంబరపడి తర్వాత హబ్బు, పుల్లలు, కూలీ కలిపి చక్రం కట్టించుకోవాల్సి వస్తుంది. చక్రం సైజు కూడా కలవాలి. 27.5 అంగుళాల ఫోర్కులో 29 అంగుళాల చక్రం ఖాళీగా నిలబెట్టినప్పుడు పట్టినట్టే ఉంటుంది. గుంతలో ఫోర్కు పూర్తిగా కుంగితే టైరు ఫోర్కు కాళ్లను కలిపే పై వంతెనకు తగిలి చక్రం ఆగిపోతుంది, మనిషి హ్యాండిల్ మీంచి ఎగిరి పడతాడు. ఇక బ్రేకు: రిమ్ము పట్టే వి-బ్రేకులైతే ఫోర్కుకు వాటి బొడిపెలు ఉండాలి, కొత్త ఫోర్కుల్లో చాలావాటికి లేవు. డిస్కు అయితే పోస్ట్ మౌంట్ (బ్రేకు బిగించే చోటు) 160 మి.మీ. రోటర్‌కా, అంటే బ్రేకు పళ్లేనికా, 180కా అని అడిగి, తగిన అడాప్టర్ తీసుకోండి.

ఇన్ని చూసి కూడా చాలామంది తప్పు చేసేది ట్రావెల్ దగ్గర. 'పొడుగు ఫోర్కు ఏసుకుంటే గుంతలు తెలీవన్నా' అనే మాట అంగళ్ల దగ్గర తరచూ వినబడుతుంది. ఫోర్కు ఎంత కుంగుతుందన్నది ట్రావెల్. ఇరుసు మధ్య నుంచి పైన కిరీటం (రెండు కాళ్లనూ స్టీరర్‌తో కలిపే భాగం) మీద రేసు కూర్చునే చోటి దాకా ఉండే మొత్తం పొడవు వేరు. ఫ్రేము లెక్కలో ముఖ్యం ఈ రెండోదే. 100 మి.మీ. ట్రావెల్ ఉన్న ఫోర్కులకు ఈ పొడవు 26 అంగుళాల చక్రానికి 470 దగ్గర, 27.5కు 490 దగ్గర, 29కి 505 దగ్గర ఉంటుంది, మోడల్‌ను బట్టి కొంచెం అటూ ఇటూ. పాత ఫోర్కును, చక్రం నేల నుంచి ఎత్తి, టేపుతో కొలవండి. కొత్తది దానికి 20 మి.మీ. లోపు తేడాలో ఉండాలి. 20 పెరిగితేనే తల గొట్టం వాలు సుమారు ఒక డిగ్రీ పడుకుంటుంది, పెడళ్ల దగ్గరి ఇరుసు ఏడెనిమిది మి.మీ. లేస్తుంది. ఎక్కుడులో ముందు చక్రం తేలిపోతుంది, మెల్లగా పోయేటప్పుడు హ్యాండిల్ ఒక పక్కకు వాలుతుంది. 80 మి.మీ. ట్రావెల్ ఉన్న సైకిలుకు 140 వేస్తే ఇబ్బంది తొక్కడంతో ఆగదు. పొడుగైన ఫోర్కు మీటలా పనిచేసి ప్రతి దెబ్బనూ తల గొట్టం, కింది గొట్టం కలిసే అతుకు మీద వేస్తుంది. రంగు కింద వెంట్రుకంత పగులు అక్కడే మొదలవుతుంది. ఫ్రేముకు గరిష్ఠంగా ఎంత ట్రావెల్ అనుమతిస్తుందో తయారీదారు చెబుతాడు. అది దాటిస్తే వారంటీ మీద ఆశ వదులుకోవాలి. మోటారు సైకిలులా రెండు కిరీటాలున్న ఫోర్కును లుక్కు కోసం బిగించుకునేవాళ్లకు కూడా ఇదే మాట. చెరువు కట్ట, మొరం బాట, తోట గట్టు, ఊళ్లో స్పీడ్ బ్రేకర్లు – వీటికి 100 మి.మీ. దండిగా చాలు.

స్ప్రింగా, గాలా? స్ప్రింగు ఫోర్కు మొండిది, గాలి చూసుకునే పని లేదు, ధర తక్కువ. కాకపోతే రెండున్నర కిలోల దాకా తూగుతుంది, పైగా ఒకే గట్టితనంతో వస్తుంది. 50 కిలోల విద్యార్థి ఎక్కితే అది సరిగా కుంగదు, 90 కిలోల మనిషికి టకామని అడుగంటుతుంది. పైన తిప్పే ప్రీలోడ్ గుబ్బ స్ప్రింగును గట్టిది చేయదు, ఆరంభంలో కుంగే ఎత్తును మాత్రమే మారుస్తుంది. గాలి ఫోర్కు రెండు కిలోలకు అటూ ఇటూ ఉంటుంది, మన బరువుకు తగ్గట్టు గాలి పెట్టుకోవచ్చు. దానికి షాక్ పంపు విడిగా కొనాలి. పంక్చరు అంగడి కంప్రెసర్ పెట్టించవద్దు. ఫోర్కులో గాలి పట్టే చోటు చాలా చిన్నది, కంప్రెసర్ ఒక్క క్షణంలో మోతాదు దాటించి సీలు లేపేస్తుంది. కొలత ఇలా చూడండి: పై గొట్టానికి చిన్న ప్లాస్టిక్ టై కట్టి సీలు దాకా జరపండి, మెల్లగా ఎక్కి కూర్చోండి, ఊగకుండా దిగండి. టై సీలుకు 15 నుంచి 20 మి.మీ. పైన నిలిస్తే 100 మి.మీ. ఫోర్కుకు గాలి సరిపోయినట్టు.

స్ప్రింగు, గాలి కన్నా ముఖ్యమైనది, స్టిక్కర్ల వెనక దాగేది డంపింగ్, అంటే ఫోర్కు కుంగి లేచే వేగాన్ని అదుపు చేయడం. అంగట్లోనే ఫోర్కును నొక్కి వదలండి. టప్పున లేచి పైన కొట్టుకుంటే లోపల ఉత్త స్ప్రింగే. ఆయిల్ డంపర్ ఉన్నది కాస్త ఆగి లేస్తుంది. దాన్ని సర్దే రీబౌండ్ గుబ్బ ఎక్కువగా కుడి కాలి అడుగున, ఎర్ర రంగులో ఉంటుంది. పైన లాకవుట్ గుబ్బ (ఫోర్కు కుంగకుండా ఆపేది) ఉన్నంత మాత్రాన లోపల మంచి డంపర్ ఉందనుకోకండి. సన్‌టూర్ కంపెనీ ఫోర్కుల్లో ఎక్స్‌సీటీ కన్నా ఎక్స్‌సీఆర్ మేలు, రాక్‌షాక్స్ కంపెనీ వాటిలో జూడీ, రీకాన్ ఈ పనికి సరిపోతాయి. సైకిలు వెలలో సగం దాటి ఫోర్కుకు పెట్టడం మాత్రం దండగ. ఆ డబ్బు మంచి టైర్లకు, బ్రేకులకు పెట్టుకోవచ్చు.

కాలేజీకి, ట్యూషన్‌కు తారు రోడ్డు మీద పోయే పిల్లల సైకిలుకు షాకప్పులు లేని గట్టి ఫోర్కే మేలు. ఉక్కుదైనా కిలో, కిలోంబావు తూగుతుంది, చెడిపోయే భాగమే లేదు. షాకప్పుల ఫోర్కు కోసం చేసిన ఫ్రేముకు తగ్గ పొడవున్నది అడిగి తీసుకోవాలి. పొట్టిది వేస్తే ముందర కుంగి పెడళ్లు నేలకు తగులుతాయి. ఈ సలహా ఎవరికీ నచ్చదని తెలుసు, షాకప్పులు లేకపోతే స్నేహితుల ముందు చిన్నతనం కదా!

బిగింపులో ఒక పొరపాటు పదే పదే జరుగుతుంది. స్టెమ్ పక్క బోల్టులు బిగించి, ఆ తర్వాత పైమూత బోల్టును బలంగా తిప్పుతారు. లోపల గొట్టం అంచు నుంచి 15 మి.మీ. లోతున కూర్చున్న నక్షత్రం నట్టు పైకి లేచి వచ్చేస్తుంది. పక్క బోల్టులు వదులు చేసి, పైమూతను కదలిక పోయేంత వరకే తిప్పి, హ్యాండిల్ సులువుగా తిరుగుతోందని చూసుకుని, అప్పుడు పక్క బోల్టులు 5 న్యూటన్ మీటర్లకు బిగించాలి. స్టెమ్ మీద వేరే అంకె రాసి ఉంటే దాన్నే పాటించండి.

తర్వాత పై గొట్టాలను తొక్కిన ప్రతిసారీ పొడి గుడ్డతో తుడిస్తే చాలు. కిరసనాయిలు, డీజిలు వద్దు, సీలు రబ్బరు ఉబ్బుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు, బురద. అప్పుడు బైకుల వాటర్ సర్వీసుకు తీసుకెళ్లి సీళ్ల మీద నీటి ధార కొట్టిస్తే మట్టి లోపలికి పోతుంది. మంచి ఫోర్కులకు సుమారు 50 గంటల తొక్కుడుకు ఒకసారి కింది కాళ్లు విప్పి శుభ్రం చేసి ఆయిల్ మార్చాలి. ఆ పని తెలిసిన మనిషి ఊళ్లో ఎవరున్నారో కొనకముందే కనుక్కోండి. లేకుంటే ఫోర్కును చెన్నైకో బెంగళూరుకో పార్సిలు కట్టాల్సి వస్తుంది.

సైకిలు అంగళ్ల వారికి ఒక మనవి. ఫోర్కు అమ్మేటప్పుడు బిల్లు మీద 'ఫోర్కు ఒకటి' అని రాసి ఊరుకోవద్దు. 'స్టీరర్ నేరు 28.6, పొడవు 202, ఇరుసు 9×100, పోస్ట్ మౌంట్ 160, చక్రం 27.5, మొత్తం పొడవు 490, ట్రావెల్ 100' అని ఒక్క వరస రాసివ్వండి. పాత ఫోర్కు కొలత దాని పక్కనే రాస్తే, పట్టకపోయినప్పుడు తప్పెవరిదన్న తగువే ఉండదు.

– ఒక సైకిల్ మెకానిక్, తిరుపతి