దీపావళి, సంక్రాంతి బుకింగుల కన్నా ముందు చెప్పాల్సిన మాట

నమస్తే అండి. మురళీనగర్‌లో మా ఇంట్లో కుక్కల్ని దింపి ఊళ్ళకి వెళ్ళే మీ అందరికీ ఇది రాస్తున్నాను. దీపావళికి, సంక్రాంతికి చోటు ఉందా అని మెసేజీలు వస్తున్నాయి. వాటికి జవాబిచ్చే ముందు ఒక సంగతి చెప్పాలి.

ఆగస్టులో మీలో ఇద్దరికి, మా మోటారు కాలిపోయింది, ఇంట్లో నీళ్ళు లేవు, ఈ వారం కుక్కని తీసుకోలేను అని చెప్పాను. అది అబద్ధం. మోటారు బాగానే ఉంది. నాకు కుక్కలంటే భయం పట్టుకుంది. ఆ మాట బయటికి చెప్పడానికి నోరు రాలేదు. ఆ ఇద్దరికీ ఫోన్ చేసి క్షమించమని అడిగాను. మిగతావాళ్ళకీ తెలియాలి. మీరు నా చేతిలో పెట్టి వెళ్ళేది ప్రాణాన్ని.

జరిగింది ఇదీ. మా చిట్టిని మీకందరికీ తెలుసు, తొమ్మిదేళ్ళ లాబ్రడార్. జూలైలో మన కస్టమర్లలో ఒక పెద్దాయన కాలం చేశారు. పిల్లలు విదేశాల్లో ఉంటారు. ఆయన కుక్క రాజుని ఎవరికిద్దామా అని నన్నడిగారు. రాజు అంతకుముందు మూడుసార్లు మా దగ్గర ఉండి వెళ్ళినవాడే, చిట్టితో కలిసి పెరట్లో పడుకున్నవాడే. సరే, నేనే ఉంచుకుంటానన్నాను. పరిచయమున్న కుక్కలే కదా అని ఆ రోజే తీసుకొచ్చి హాల్లో వదిలేశాను.

నేను పొరబడింది అక్కడే. వారం రోజులు ఉండి పోయే కుక్క వేరు, ఇంట్లో పాతుకుపోయే కుక్క వేరు. బోర్డింగ్ కుక్కలు పెరట్లో ఉంటాయి, సాయంత్రానికి ఎవరి గది వారిది. హాలు, నా మంచం పక్క చాప, తలుపు దగ్గర చల్లటి గచ్చు, ఇవన్నీ తొమ్మిదేళ్ళుగా చిట్టివి. రాజు వచ్చి ఆ గచ్చు మీద పడుకుంటే చిట్టి ఏమీ అనలేదు. మొహం పక్కకి తిప్పుకుని పెదవులు నాకుకునేది, నిద్ర రాకపోయినా ఆవలించేది. కుక్క ‘నాకు ఇబ్బందిగా ఉంది’ అని చెప్పే పద్ధతి అది. మీ కుక్కల్లో అయితే నిమిషంలో పట్టేస్తాను. నా కుక్కలో చూసి కూడా, సర్దుకుంటుందిలే అనుకున్నాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం బెల్ మోగింది. కొరియర్ అబ్బాయి. ఇద్దరూ ఒకేసారి తలుపు వైపు పరిగెత్తారు. మా వరండాకి వెళ్ళే సందు మూడడుగులు ఉంటుంది. అక్కడ భుజాలు రాసుకున్నాయి, అంతే. రాజు చెవి చీలింది. కుక్కలు పోట్లాడుతుంటే మధ్యలో చెయ్యి పెట్టకూడదని అందరికీ చెప్పే నేనే చెయ్యి పెట్టాను. మణికట్టు మీద రెండు పళ్ళు దిగాయి. ఎవరివో ఇప్పటికీ తెలీదు.

కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగి ఆసుపత్రికి వెళ్ళాను. ఇద్దరికీ రేబిస్ టీకాలు వేయించే ఉన్నాయి, అయినా వెళ్ళాలి. ఈ పని మొదలుపెట్టినప్పుడే నేను ముందుజాగ్రత్త టీకాలు వేయించుకున్నాను కాబట్టి ఈసారి రెండు డోసులే ఇచ్చారు, ఆ రోజొకటి, మూడు రోజుల తర్వాత ఒకటి. అప్పుడు వెనక గదిలో మీలో ఒకరి పొమెరేనియన్ ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు కానీ ఆ అరుపులకి హడలిపోయి రెండు రోజులు అన్నం ముట్టలేదు. వాళ్ళకి ఆ సాయంత్రమే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను, డబ్బు వెనక్కి ఇచ్చేశాను.

చెయ్యి పది రోజుల్లో మానింది. కానీ ఏ కుక్క గుర్రుమన్నా నా గుండె దడదడలాడేది. గొలుసు పట్టుకుంటే పిడికిలి దానంతటదే బిగుసుకునేది. గొలుసు బిగిస్తే అవతలి కొసన కుక్క కూడా బిగుసుకుంటుంది. నా భయం గొలుసు మీదుగా వాటికి చేరుతోందని తెలుస్తూనే ఉంది, వదులు చేద్దామంటే చెయ్యి మాట వినదు. మోటారు అబద్ధం ఆ రోజుల్లోదే.

ఒక రాత్రి నిద్రపట్టక 14416కి ఫోన్ చేశాను. మానసిక ఇబ్బందుల కోసం ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు అది. ఫోన్‌కి డబ్బులు పడవు, ఏ వేళనైనా చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడారు. అవతల ఉన్న ఆవిడ ధైర్యంగా ఉండండి అనలేదు. ‘మీకు భయం ఏ క్షణంలో మొదలవుతుంది, దానికి ముందు మీరు ఏం చేస్తుంటారు’ అని అడిగారు. ఆలోచిస్తే, కుక్కని చూసినప్పుడు కాదు, రెండు కుక్కలు ఒకేసారి లేచి నిలబడినప్పుడు. అప్పటికి నా భయానికి ఒక హద్దు దొరికింది. పాదాలు నేలకి ఆనించి, పీల్చిన దానికన్నా ఎక్కువసేపు ఊపిరి వదలమన్నారు. రోజూ చేస్తున్నాను. భయం పోలేదు, పిడికిలి మాత్రం వదులైంది.

ఆగస్టు మధ్యలో ఇద్దరినీ పూర్తిగా విడదీసి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, చిట్టి వెనక కాళ్ళ కీళ్ళు అరిగాయన్నారు. నొప్పితో ఉన్న కుక్క తగిలితే ఓర్చుకోదు. నేను వయసు చిరాకు అనుకున్నది నొప్పి. ఇప్పుడు మందు వాడుతున్నాం. ఇలాంటప్పుడు మనం వేసుకునే ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు మాత్రం కుక్కకి వేయకండి, కడుపు, కిడ్నీలు దెబ్బతింటాయి.

తర్వాత వెల్డింగ్ షాపులో ఒక జాలీ తలుపు చేయించి హాలుకీ సందుకీ మధ్య పెట్టించాను. మొదటి వారం దానికి దుప్పటి కప్పే ఉంచాను, ఒకరికొకరు కనబడకుండా. రాజు పడుకున్న గోనెపట్టా చిట్టి దగ్గర, చిట్టి తువ్వాలు రాజు దగ్గర వేసేదాన్ని. మొదటి రోజు చిట్టి ఆ పట్టాని ఒక్కసారి వాసన చూసి గది అవతలి మూలకి వెళ్ళి కూర్చుంది. నాలుగో రోజుకి దాని మీదే తల పెట్టుకుని నిద్రపోయింది. దుప్పటి తీసింది ఆ తర్వాతే.

నడక కూడా అంతే. మా వీధి చివర ఖాళీ స్థలంలో, ఎవరిదీ కాని చోట, మా అబ్బాయి రాజుని, నేను చిట్టిని పట్టుకుని ముప్పై అడుగుల దూరంలో ఒకే దిక్కుకి నడిచాం. ఎదురెదురుగా కాదు. ఒకరినొకరు చూసి ప్రశాంతంగా ఉంటే ఉప్పూకారం లేని ఉడికించిన చికెన్ ముక్క. కళ్ళలో తెల్లగుడ్డు కనబడినా, ఒళ్ళు బిర్రుగా అయినా దూరం పెంచేవాళ్ళం. పక్కపక్కన నడవడానికి పందొమ్మిది రోజులు పట్టింది.

‘వదిలెయ్ అమ్మా, కొట్టుకుని ఎవరు లీడరో అవే తేల్చుకుంటాయి’ అని చాలామంది చెప్పారు. ఆ మాట పుట్టింది బోనుల్లో ఉంచిన తోడేళ్ళని చూసి. దాన్ని 1970లో తన పుస్తకంతో బాగా ప్రచారంలోకి తెచ్చిన డేవిడ్ మెక్ అనే శాస్త్రవేత్తే, 1999లో అడవి తోడేళ్ళ గురించి రాస్తూ ఆ గుంపు అమ్మానాన్నలూ పిల్లలూ ఉన్న కుటుంబమని సరిదిద్దుకున్నారు. కొట్టుకోనిస్తే తేలేది ఏమీ లేదు, భయం ముదురుతుంది. అలాగే మీ కుక్క గుర్రుమంటే కొట్టకండి, తిట్టకండి. గుర్రు హెచ్చరిక. దాన్ని మాన్పిస్తే హెచ్చరిక లేకుండా కరిచే కుక్క తయారవుతుంది.

ఈ రోజుకి ఇద్దరూ ఒకే హాల్లో వేర్వేరు చాపల మీద పడుకుంటున్నారు. స్నేహం అనను, చిట్టి ఒప్పుకుంది అంతే. అన్నాలు ఇప్పటికీ వేర్వేరు గదుల్లోనే.

ఇక బుకింగులు. ఇంతకుముందు ఏడెనిమిది కుక్కల్ని తీసుకునేదాన్ని, ఇకనుంచి ఒకసారికి మూడే. అందుకని రోజుకి 600 కాస్తా 700 అవుతుంది. పాత ధరకి అడ్వాన్సు ఇచ్చినవాళ్ళకి పాత ధరే, వద్దనుకుంటే మొత్తం వెనక్కి ఇస్తాను. కొత్త కుక్కల్ని ముందు రెండుసార్లు గంటసేపు తీసుకురావాలి. దీపావళి వారం ఇదివరకు మా దగ్గర ఉన్న కుక్కలకే చోటు. టపాసులకి వణికిపోయే కుక్కలకి మధ్య గది ఇస్తాను, కిటికీలకి బొంతలు కడతాను, ఫ్యాను పెద్దది పెడతాను, రాత్రి నేనూ అక్కడే పడుకుంటాను. దగ్గరికి తీసుకుంటే భయం ఎక్కువవుతుందని కొందరంటారు, అది నిజం కాదు, వచ్చి ఒళ్ళో దూరితే పట్టుకోండి. మరీ ఎక్కువ భయపడేవాటికి డాక్టరు మందు రాస్తే, పండక్కి ముందే ఒక మామూలు రోజు వేసి చూసి ఎలా ఉందో నాకు చెప్పండి.

మెసేజ్ పెట్టేటప్పుడు మీ కుక్క దేనికి భయపడుతుందో కూడా రాయండి. మిక్సీ అయినా సరే, గొడుగు అయినా సరే.

ఇంకొకటి. దింపడానికి వచ్చినప్పుడు దయచేసి బెల్ కొట్టకండి, గేటు దగ్గర నుంచి ఫోన్ చేయండి. బెల్ వినగానే ఇద్దరూ ఇంకా ఆ సందు వైపే చూస్తున్నారు.