పంచాయతీ ఎన్నికల్లో మీరు కొన్ని సీట్లు ఓడిపోవాలని కోరుకుంటున్నా, మంత్రిగారూ

ఒడిశా పంచాయతీరాజ్ శాఖ మంత్రి రబి నారాయణ్ నాయక్ గారికి, గజపతి జిల్లా గొసాని బ్లాక్ నుంచి ఒక ఓటరు నమస్కారాలతో రాసుకుంటున్నది.

హెడ్డింగ్ చూసి ఇతనెవడో నవీన్ పట్నాయక్ గారి బిజెడి మనిషి అనుకోకండి సార్, కాంగ్రెస్ మనిషినీ కాదు. మా ఇంట్లో ఓట్లే మూడు రకాలుగా పడతాయి. ఇంట్లోనే కాదు, జిల్లా అంతా అంతే, 2024 లో మాకున్న రెండు అసెంబ్లీ సీట్లలో పర్లాకిమిడి బిజెడికి వెళ్ళింది, మోహన కాంగ్రెస్‌కి వెళ్ళింది, అదే రోజు అదే బూత్‌లో లోక్‌సభకి వేసిన ఓటు కూడా కలిసి బరంపురం ఎంపీ సీటు మీ బిజెపికి వచ్చింది. అంటే జనానికి ఏ ఓటు దేనికో బాగానే తెలుసు, టీవీల్లో కూర్చున్న వాళ్ళకే తెలీదు.

ఇప్పుడు మళ్ళీ పంచాయతీ ఎన్నికలు దగ్గరపడ్డాయి, 2022 ఫిబ్రవరిలో జరిగినవి కాబట్టి ఐదేళ్ళ లెక్కన 2027 మొదట్లో రావాలి. అప్పుడే మొదలైపోయింది, ఇది సెమీఫైనల్ అంట, దీన్ని బట్టి 2029 లో రాష్ట్రం ఎవరిదో దేశం ఎటు పోతుందో చెప్పేయొచ్చంట. సార్, ఈ జోస్యం ఎంత బాగా ఫలిస్తుందో మీ పార్టీకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. 2012 లో మీకు వచ్చిన జిల్లా పరిషత్ సీట్లు 36, 2017 కి అవి 297 అయ్యాయి, మయూర్‌భంజ్ నుంచి కలహండి దాకా ఊపేశారు, ఆ ఏప్రిల్లోనే భువనేశ్వర్‌లో జాతీయ కార్యవర్గం పెట్టారు, అసెంబ్లీలో 147 కి 120 గెలుస్తామని మిషన్ 120 అన్నారు. 2019 అసెంబ్లీలో వచ్చినవి 23. ఆ తర్వాత 2022 పంచాయతీల్లో బిజెడి 852 జిల్లా పరిషత్ సీట్లలో 766 ఊడ్చేసింది, మీకు 42 మిగిలాయి, 30 జిల్లాల్లోనూ జిల్లా పరిషత్ వాళ్ళదే. రెండేళ్ళు తిరిగేసరికి 2024 లో మీకు 78, వాళ్ళకి 51, అప్పటిదాకా ముఖ్యమంత్రిగా ఉన్న నవీన్ బాబు అంతటాయన కాంటాబంజిలో ఓడిపోయారు, లోక్‌సభలో వాళ్ళకి ఒక్కటీ లేదు. రెండుసార్లూ పంచాయతీ ఫలితం ఒకటి చెప్పింది, అసెంబ్లీ ఫలితం దానికి పూర్తిగా ఎదురు వచ్చింది.

మరి పంచాయతీ ఫలితానికి విలువ లేదా అంటే ఉంది, కానీ ఆ విలువ గెలిచిన వాడికి కాదు. 2017 లో దెబ్బ తగిలింది బిజెడికి. తగిలాక వాళ్ళు ఊరుకోలేదు, మంత్రులని మార్చారు, పంచాయతీల్లో క్యాంపులు పెట్టి అర్జీలు తీసుకున్నారు, ఎన్నికల ముందు కాలియా అని రైతు ఖాతాలో సీజన్‌కి 5,000 వేశారు, ఎంపీ టికెట్లలో మూడో వంతు ఆడవాళ్ళకి ఇచ్చారు. 2019 లో గట్టెక్కారు. అదే 2022 లో 766 వచ్చాక వాళ్ళకి నిజం చెప్పేవాడు ఎవడు మిగిలాడు? జిల్లా పరిషత్ మీటింగ్‌లో ఎదురు కుర్చీలో దాదాపు ఎవరూ లేరు. రోడ్డు వెయ్యలేదు అంటే వెయ్యలేదు అనేవాడు లేడు, బిల్లు పాసైపోయిన బోరు ఎక్కడుందో చూపించండి అనేవాడు లేడు. జనం కోపం అంతా లోపలే ఉండిపోయి 2024 లో ఒకేసారి బయటకి వచ్చింది. నన్నడిగితే బిజెడిని ముంచింది నవీన్ బాబు పక్కన చక్రం తిప్పిన మాజీ ఐఏఎస్ పాండియన్ గారి మీద కోపం ఒక్కటే కాదు, ఆ 766 కూడా.

అందుకే అంటున్నా, కొన్ని సీట్లు పోగొట్టుకోండి. పార్టీ గుర్తు ఎలాగూ జిల్లా పరిషత్ ఒక్కదానికే, సర్పంచ్‌కీ సమితి మెంబర్‌కీ వార్డు మెంబర్‌కీ గుర్తులు వేరే. కానీ మా దగ్గర ఇప్పటినుంచే ఫలానా ఆయన మన మనిషి, ఫలానా ఆవిడ కాదు అని లిస్టులు తిరుగుతున్నాయి. మన మనిషి కాని సర్పంచ్ ఉన్న ఊరికి పని లేటు అవుతుంది అని టీ కొట్టు దగ్గర బాహాటంగానే అంటున్నారు. నిజమో అబద్ధమో గానీ ఆ మాట ఊళ్ళో తిరిగితే చాలు, సగం మంది నామినేషన్ వెయ్యరు. అప్పుడు మీకూ ఒక 766 వస్తుంది, దాన్ని చూసుకుని మురిసిపోతారు.

ఇంకో పెద్ద విషయం ఉంది, ఇది ఢిల్లీలో మీ వాళ్ళకి చెప్పాల్సింది. మన రాష్ట్రంలో అసెంబ్లీ, లోక్‌సభ ఎప్పటినుంచో కలిపే జరుగుతున్నాయి కాబట్టి జమిలి మాకు కొత్తేం కాదు. కానీ జమిలి మీద మాజీ రాష్ట్రపతి కోవింద్ గారి కమిటీ 2024 లో ఇచ్చిన రిపోర్టులో స్థానిక ఎన్నికలు కూడా ఆ రెండూ అయిన 100 రోజుల్లోపు పెట్టేయాలని రాశారు. ఆ డిసెంబర్లో పార్లమెంటులో పెట్టిన బిల్లులో పంచాయతీలు లేవు, కానీ ఆలోచన అయితే కాగితం మీద ఉంది కదా. అది అమలైతే మాకు నష్టం ఏంటంటే, ఐదేళ్ళ మధ్యలో మేము ప్రభుత్వానికి ఒక్కసారి చెప్పుకునే అవకాశం ఈ పంచాయతీ ఓటే, అది కూడా పోతుంది. వేరే రాష్ట్రాల్లో ఎక్కడో ఒక ఎన్నిక ఎప్పుడూ నడుస్తుంటుంది, మేము మోగించగలిగే గంట ఇదొక్కటే. 2017 లో మా రాష్ట్రంలో ప్రతిపక్షం పుంజుకుంది అని దేశానికి తెలిసింది కూడా దీని వల్లే, ఆ ప్రతిపక్షం మీరే. ఖర్చు మిగులుతుంది అంటారు, మిగలొచ్చు.

టైంకి పెట్టడం కూడా మర్చిపోకండి. బరంపురం కార్పొరేషన్‌కి 2018 లో గడువు అయిపోతే ఎన్నిక జరిగింది 2022 మార్చిలో, రిజర్వేషన్ కేసులూ కోర్టులూ అని అన్నేళ్ళు కార్పొరేటర్ లేకుండా ఆఫీసర్లే నడిపారు. డ్రైన్ పొంగితే ఎవరిని పట్టుకోవాలో జనానికి తెలిసేది కాదు. పంచాయతీలకి ఆ గతి పట్టించొద్దు.

ఇక మా సరిహద్దు వాళ్ళ సొంత గోడు. 1964 గ్రామ పంచాయతీ చట్టంలో సర్పంచ్‌గా నిలబడాలంటే ఒడియా చదవడం రాయడం రావాలని ఉంది. మా పిన్ని కోడలు పాతపట్నం అమ్మాయి, మాకు ఏటి అవతల ఊరు అంతే, పెళ్ళయి ఇటు వచ్చింది, డిగ్రీ చదివింది, మహిళా పొదుపు గ్రూపు పుస్తకాలన్నీ తనే రాస్తుంది, ఊళ్ళో ఆడవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే సుభద్ర పథకం డబ్బులు పడని వాళ్ళందరి అప్లికేషన్లు తన ఫోన్‌లోనే చెక్ చేస్తుంది. క్రితం సారి మా పంచాయతీ మహిళా రిజర్వేషన్ అయింది. ఊరంతా ఈ పిల్లని నిలబెడదాం అన్నారు, ఆఫీసులో అడిగితే ఒడియా రాదు కదా కుదరదు అన్నారు. చివరికి ఎవరు నిలబడ్డారు అంటే ఒడియాలో సంతకమూ నాలుగు ముక్కలూ వచ్చిన ఒక పెద్దావిడ, ఇప్పటికీ సర్పంచ్ పనంతా వాళ్ళాయనే చేస్తాడు. ఒడియా నేర్చుకోవద్దు అనట్లేదు సార్, మా పిల్లలందరూ స్కూల్లో ఒడియానే చదువుతున్నారు, 1936 ఏప్రిల్ 1 నుంచి మేము ఒడిశా వాళ్ళమే. గెలిచాక ఒక ఏడాది టైం ఇచ్చి నేర్చుకో అనొచ్చు కదా. మీరు కుచిండా మనిషి, సంబల్‌పుర్ వైపు ఇంట్లో మాట ఒకటి ఆఫీసు కాగితం మాట ఒకటి అయితే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పేదేముంది. ఒడియా అస్మిత, అంటే ఒడియా ఆత్మగౌరవం అని మీ పార్టీ 2024 లో గట్టిగా తిరిగింది, అందులో మాకూ కాస్త చోటు ఉంటే బాగుంటుంది.

అటు ఆంధ్రా ఒడిశా రెండూ మావే అనే కొటియా ఊళ్ళు చూడండి, 2021 లో మూడు ఊళ్ళలో ఆంధ్ర వాళ్ళు పంచాయతీ ఎన్నికలు పెట్టేశారు, మనవాళ్ళు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. అక్కడ వాళ్ళ ఓటు నాది అంటే నాది అని రెండు రాష్ట్రాలు కొట్టుకుంటాయి, ఇక్కడ ఓటు మీదే సార్ అని మేమంటుంటే పోటీకి పనికిరారు అంటారు.

పోలింగ్ రోజు సంగతి కూడా చెప్పాలి. ఒక మనిషికి నాలుగు కాగితాలు ఇస్తారు, నాలుగు రంగులు, 2022 లో మా బూత్‌లో ఒక మామ్మ నాలుగూ చేతిలో పట్టుకుని సర్పంచిది ఏదమ్మా అని తెలుగులో అడుగుతుంది, లోపలున్నాయన వేరే జిల్లా నుంచి వచ్చినాయన, ఆయనకి తెలుగు రాదు, ఏజెంట్లు నోరు తెరిస్తే గొడవ. చివరికి నాలుగింటి మీదా ఒకే వరసలో ముద్ర గుద్దేసి డబ్బాలో వేసి వెళ్ళిపోయింది. ఆ ఓటుని బట్టి దేశ భవిష్యత్తు చెప్పేవాళ్ళు కూడా ఉంటారు.

గొసాని, కాశీనగరం, గుణుపురం, రాయగడ వైపు తెలుగు వాళ్ళు ఎక్కువున్న బూత్‌లలో ఏ రంగు కాగితం దేనికో తెలుగులో రాసిన పోస్టర్ ఒకటి గోడకి అంటించమనండి, ప్రతి బూత్‌కీ తెలుగు వచ్చిన పోలింగ్ సిబ్బంది ఒక్కరుండేలా ఎన్నికల సంఘానికి రాయండి, సర్పంచ్ రూలు మార్పు నోటిఫికేషన్ కంటే ముందే అసెంబ్లీలో పెట్టండి. మా పిన్ని కోడలు ఈసారి మీ పార్టీ వాళ్ళ మద్దతుతో నిలబడదు, ఆ సంగతి ముందే చెప్తున్నా.

ఇట్లు,
గొసాని బ్లాక్ ఓటరు